అక్షరానికి అలంకారం

వ్రాతకు రెండు ధర్మాలున్నాయి. చెప్పదలచిన విషయాన్ని చెదరకుండా నిలిపి ఉంచడం మొదటిది. దానిని చదువరి కంటికి ఇంపుగా అందించడం రెండవది. తాళపత్రంపై గంటంతో వ్రాసిన నాటి లేఖకుడు మొదటి ధర్మానికే ఎక్కువగా కట్టుబడి ఉండేవాడు. ఆకు చిన్నది, శ్రమ పెద్దది. పదానికీ పదానికీ నడుమ ఖాళీ విడవడానికి కూడా అతడు వెనుకాడేవాడు. అచ్చుయంత్రం వచ్చిన తరువాత శీర్షికకు పెద్ద అక్షరం, పేరాకు విడుపు, ముఖ్యమైన మాటకు ముదురు అచ్చు సమకూరాయి. అయినా ఆ నేర్పు అచ్చుకూర్పరుల సొత్తుగానే ఉండేది. కంప్యూటరు ప్రవేశించాక ఆ సొగసులన్నీ సామాన్య ఉద్యోగి వ్రేలికొనకు దిగివచ్చాయి. ఈ మార్పు వ్రాతకు మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

నేడు బ్యాంకులో, ఆసుపత్రిలో, బీమా సంస్థలో, ప్రభుత్వ కార్యాలయంలో పని అంతా సాఫ్ట్‌వేర్ తెరల మీదనే సాగుతున్నది. ఖాతాదారు ఫిర్యాదు, రోగి వివరాలు, సరకుల కొనుగోలు ఉత్తర్వు, ఉద్యోగి సెలవు చీటీ అన్నీ ఆ తెరపై గల గడులలో నిండుతాయి. కొన్ని గడుల నెత్తిన చిన్న చిన్న గుర్తుల వరుస ఒకటి కనిపిస్తుంది. ఒకటి నొక్కితే అక్షరం ముదురుతుంది. మరొకటి నొక్కితే వంగుతుంది. వేరొకటి నొక్కితే కింద గీత పడుతుంది. రంగులు, పరిమాణాలు, చుక్కల జాబితాలు, పట్టికలు కూడా అక్కడే లభిస్తాయి. ఈ ఉపకరణాన్నే రిచ్ టెక్స్ట్ ఎడిటర్ అంటారు. ఇందులో పుట్టేది అలంకృత పాఠం. ఏ సొగసూ లేక అక్షరాలు మాత్రమే ఉండేది సాదా పాఠం.

సౌకర్యం వచ్చిన తీరు

టైపు యంత్రాల కాలంలో గుమాస్తా చేతిలో ఉన్న అలంకారాలు చాలా తక్కువ. ముఖ్యమైన మాట కింద గీత గీయడం, అక్షరాలను ఎడంగా కొట్టడం, రెండు రంగుల రిబ్బను ఉంటే ఎరుపు వాడడం, అంతే. 1974లో అమెరికాలోని జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ తదితరులు ‘బ్రేవో’ అనే వ్రాత ఉపకరణాన్ని రూపొందించారు. తెరపై ఎలా కనిపిస్తే కాగితంపై అలాగే అచ్చు కావడం దాని విశేషం. సిమోనీ 1981లో మైక్రోసాఫ్ట్ సంస్థలో చేరాడు. ఆ సంస్థ 1983లో ‘వర్డ్’ను విడుదల చేసింది. మరుసటి సంవత్సరమే ఆపిల్ సంస్థ మాకింతోష్ కంప్యూటరుతో పాటు ‘మాక్‌రైట్’ను అందించింది. ఒక కంప్యూటరులో చేసిన అలంకరణ మరొక దానిలో చెదరకుండా ఉండడానికి మైక్రోసాఫ్ట్ 1987లో రిచ్ టెక్స్ట్ ఫార్మాట్ అనే పద్ధతిని ప్రకటించింది. 2000లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5 బ్రౌజరు ఈ సౌకర్యాన్ని వెబ్ పుటలలోనికి తెచ్చింది. నాటి నుండి వ్యాపార సాఫ్ట్‌వేర్ తయారు చేసేవారికి ప్రతి గడికీ ఈ గుర్తుల వరుసను తగిలించడం సులువైపోయింది.

ఈ సౌకర్యం వల్ల కలిగిన మేలును తక్కువ చేయరాదు. ఇరవై పుటల నియమావళిలో శీర్షికలు లేకుంటే పాఠకుడు దారి తప్పుతాడు. వరుసగా చేయవలసిన పనులను సంఖ్యలు వేసి చూపితే పొరపాటు తగ్గుతుంది. ధరలను పట్టికగా అమర్చితే పోల్చి చూడడం తేలికవుతుంది. ఒకప్పుడు అచ్చుకూర్పరి చేత చేయించుకోవలసిన పనిని చిరుద్యోగి కూడా తానే చేసుకోగలగడం విద్య విస్తరించడం వంటిదే. అయితే చేతికందిన ప్రతి సొమ్మునూ ఒంటిపై దిగేసుకుంటే అందం రాదు, బరువు మిగులుతుంది. వ్రాతకూ ఇదే వర్తిస్తుంది.

కంటికి కనిపించేది, యంత్రానికి తెలిసేది

అలంకృత పాఠంలోని చిక్కు ఎక్కడున్నదో మొదట గ్రహించాలి. అక్షరాన్ని పెద్దదిగా, ముదురుగా చేస్తే చూసే మనిషి దానిని శీర్షికగా పోల్చుకుంటాడు. కాని యంత్రానికి అది పెద్ద అక్షరం మాత్రమే. ‘ఇది శీర్షిక’ అని విడిగా తెలిపితే తప్ప దానికి ఆ సంగతి తెలియదు. ఈ భేదాన్ని గుర్తించిన చార్లెస్ గోల్డ్‌ఫార్బ్ 1969లో ఐ.బి.ఎం. సంస్థలో తన సహచరులతో కలిసి ఒక కొత్త పద్ధతికి రూపం ఇచ్చాడు. పాఠంలో ఏ భాగం ఎలా కనిపించాలో కాక, అది ఏమిటో గుర్తు పెట్టడం దాని సారం. ఆ ఆలోచనే పెరిగి 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది. టిమ్ బెర్నర్స్-లీ వెబ్ కోసం రూపొందించిన హెచ్.టి.ఎం.ఎల్. కూడా ఆ వంశంలోనిదే.

ఈ భేదం పండితుల చర్చకు పరిమితమైనది కాదు. దాని వెనుక మనుషుల బ్రతుకులున్నాయి. చూపు లేని ఉద్యోగులు తెర మీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో పని చేస్తారు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధులు పూనుకొని అటువంటి ‘ఎన్.వి.డి.ఎ.’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నిర్మాణానికి అంకురార్పణ చేశారు. దానిని వాడేవారు ఒక మీట నొక్కుతూ శీర్షిక నుండి శీర్షికకు సాగిపోగలరు. చూపున్నవాడు పుటను పైనుండి కిందికి ఒక్క చూపులో పరికించినట్లే ఇది కూడా. కాని ఆ శీర్షికలను శీర్షికలుగా గుర్తించక, అక్షరాలను లావు చేసి వదిలేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అంధుడైన ఉద్యోగి ఇరవై పుటలనూ మొదటి మాట నుండి చివరి మాట వరకు వినవలసి వస్తుంది. వ్రాసినవాడు ఒక్క గుర్తును సరిగా ఎంచుకోకపోవడం వల్ల వినేవాడికి గంటల కాలం నష్టమవుతుంది. 2016లో భారత పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారాన్ని వారికి అందుబాటులో ఉండే రూపంలో ఇవ్వాలని నిర్దేశిస్తున్నది. ఆ హక్కు ఉత్తర్వులలో నిలిచి, కార్యాలయపు రోజువారీ వ్రాతలో లోపిస్తే ఫలమేమున్నది?

రంగుల సంగతీ అంతే. చెల్లింపు నిలిచిపోయిన ఖాతాలను ఒక ఉద్యోగి ఎర్రటి అక్షరాలతో వ్రాశాడనుకొందాం. పక్కనున్న సహోద్యోగికి ఆ సంకేతం తెలుసు. నెలాఖరున నిలిచిన చెల్లింపులెన్ని అని యంత్రాన్ని అడిగితే అది చెప్పలేదు. ఎరుపునకు గల అర్థం దానికి ఎవరూ నేర్పలేదు. ఆ కాగితాన్ని నలుపు తెలుపులలో నకలు తీస్తే ఆ సంకేతం పూర్తిగా మాయమవుతుంది. ఎరుపు, ఆకుపచ్చల భేదం తెలియని దృష్టి గలవారికి అది మొదటి నుండీ లేనట్లే. ‘చెల్లింపు నిలిచినది’ అని ఒక విడి గడిలో రెండు మాటలు నమోదు చేసి ఉంటే ఈ బాధలేవీ ఉండేవి కావు.

రూపం విషయాన్ని మరుగుపరచినప్పుడు

అక్షరాల అమరిక ఎంతటి గంభీరమైన విషయమో 2003లో ప్రపంచానికి తెలిసివచ్చింది. ఆ ఏడాది జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక నింగికెగసింది. భారతదేశంలో కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా అందులోని ఏడుగురిలో ఒకరు. బయలుదేరిన 82 సెకనుల సమయంలో ఇంధనపు తొట్టి నుండి ఊడిన ఒక నురుగు ముక్క నౌక ఎడమ రెక్కను తాకింది. నౌక ఇంకా అంతరిక్షంలో ఉండగానే ఆ దెబ్బ ఎంతటిదో ఇంజనీర్లు పరిశీలించి అధికారులకు ప్రదర్శన పలకల రూపంలో నివేదించారు. ఒక పలకపై శీర్షిక భరోసా కలిగించేలా పెద్ద అక్షరాలతో ఉన్నది. ఒకదాని కింద ఒకటిగా, లోపలికి జరుగుతూ పోయిన చుక్కల వరుసల అట్టడుగున, చిన్న అక్షరాలలో అసలు సంగతి ఉన్నది. అంతకు ముందు పరీక్షలలో వాడిన ముక్క ఘనపరిమాణం 3 ఘనపు అంగుళాలు; రెక్కను తాకిన ముక్కకు వేసిన అంచనా 1,920 ఘనపు అంగుళాలు. అనగా 640 రెట్లు! పాత పరీక్షల ఫలితాలు ఈ దెబ్బకు వర్తించవన్న హెచ్చరిక ఆ అంకెలలోనే దాగి ఉన్నది. ఫిబ్రవరి 1న భూమికి తిరిగి వస్తూ నౌక ముక్కలైంది. ఏడుగురూ మరణించారు.

నౌకను కూల్చింది ఆ పలక కాదు, నురుగు ముక్క. అయినా ఆ ఏడాది ఆగస్టులో వెలువడిన విచారణ సంఘం నివేదిక ఆ పలకను ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఆచార్య ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన విశ్లేషణను పొందుపరచి, సాంకేతిక పత్రాలకు బదులుగా ఇటువంటి పలకలపై ఆధారపడే అలవాటును తప్పుపట్టింది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, చుక్క, విడుపు – ఇవన్నీ రిచ్ టెక్స్ట్ ఎడిటర్‌లోని పరికరాలే. ఏది ముఖ్యమో నిర్ణయించవలసినది వ్రాసేవాడి వివేకం. ఆ పనిని అక్షరాల పరిమాణానికి అప్పగిస్తే చిన్నగా కనిపించినది చిన్న విషయమేనని చదివేవాడు భ్రమపడతాడు.

కప్పిపెట్టామనుకున్నది కప్పబడకపోవడం మరొక రకం ప్రమాదం. 2005 మార్చి 4న బాగ్దాద్‌లో అమెరికా సైనికుల కాల్పులలో ఇటలీ గూఢచార అధికారి నికోలా కలిపారి మరణించాడు. దానిపై విడుదలైన సైనిక నివేదికలో రహస్యంగా ఉంచవలసిన భాగాలపై నల్లని పట్టీలు వేశారు. చూపునకు ఆ మాటలు చెరిగిపోయినట్లే ఉన్నాయి. కాని ఆ భాగాన్ని నకలు చేసి మరొక చోట అతికించగానే పట్టీల కిందనున్న పేర్లతో సహా పాఠమంతా బయటపడింది. నలుపు రంగు అలంకారమే తప్ప తొలగింపు కాదన్న సంగతిని తయారు చేసినవారు మరచిపోయారు. ఖాతాదారుల సంఖ్యలను, రోగుల పేర్లను నిత్యం వాడే కార్యాలయాలన్నింటికీ ఇది హెచ్చరిక.

అలంకరణ చాటున అక్రమం కూడా చొరబడగలదు. 2005 అక్టోబరులో ‘మైస్పేస్’ అనే పరిచయాల వేదికపై ఒక యువకుడు తన పుటను అలంకరించే సూచనల నడుమ ఒక చిన్న ఆదేశాల మాలను దాచాడు. ఆ పుటను చూసిన ప్రతివారి పుటలోనికీ అది ప్రాకింది. ఒక్క రోజులోపే పది లక్షలకు పైగా పుటలకు అంటుకున్నది. సొగసులకు చోటిచ్చిన గడి వాటితో పాటు మరేమి వస్తున్నదో పరీక్షించుకోవాలన్నది దాని నుండి సాఫ్ట్‌వేర్ నిపుణులు నేర్చిన పాఠం.

తెలుగు లిపికి తగిన అలంకారం

ఈ ఉపకరణాలు రోమన్ లిపిని దృష్టిలో ఉంచుకొని పుట్టినవి. వాటిని తెలుగు వ్రాతకు ఉన్నదున్నట్లుగా వాడడంలో కొన్ని ఇబ్బందులున్నాయి. రోమన్ అక్షరాల కింద గీత గీస్తే చాలా అక్షరాలకు హాని లేదు. తెలుగులో ఒత్తులు అక్షరం కిందనే ఉంటాయి. గీత సరిగ్గా వాటి మీదుగా పోతుంది. ‘కల’కూ ‘కల్ల’కూ, ‘గుడి’కీ ‘గుడ్డి’కీ గల భేదం ఒక్క చిన్న ఒత్తు. ముఖ్యమని గీత గీసిన మాటే చదవరానిదైతే ఆ గీత ఎందుకు? వాలు అక్షరాలదీ ఇదే తీరు. రోమన్ లిపిలో వాలు అచ్చుకు అయిదు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది. తెలుగులో అటువంటి సంప్రదాయం లేదు. యంత్రం అక్షరాన్ని ఒక పక్కకు నెట్టడమే జరుగుతున్నది.

ఫాంట్ల చిక్కు మరొకటి. అచ్చు పనుల కోసం పుట్టిన పాత ఫాంట్లలో తెలుగు అక్షర ఖండాలను ఇంగ్లీషు అక్షరాల సంకేతాల చోట కూర్చేవారు. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనిపిస్తుంది. లేకుంటే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు మిగులుతుంది. అక్కడ తెలుగుదనం అక్షరంలో లేదు, పైపూతలోనే ఉన్నది. ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెత దానికి చక్కగా సరిపోతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాల విభాగం ఏర్పడింది. అందులో ‘అ’ ఎక్కడికి వెళ్ళినా ‘అ’గానే ఉంటుంది, ఫాంటు మారితే ఆకారం మారుతుందే కాని అక్షరం మారదు. తెలుగులో వచ్చిన అర్జీని పదేండ్ల తరువాత వెదికి తీయాలంటే అది యూనికోడ్‌లో ఉండడం అవసరం. ముదురు అక్షరాలు, రంగులు ఆ తరువాతి ముచ్చట్లు.

నిజానికి ఒక మాటను నొక్కి చెప్పడానికి తెలుగు భాషలోనే ఉపాయాలున్నాయి. ‘అర్జీ ఇక్కడ ఇవ్వాలి’ అన్నదానికీ ‘అర్జీ ఇక్కడే ఇవ్వాలి’ అన్నదానికీ గల తేడా ఒక్క ఏకారంలో ఉన్నది. ముఖ్యమైన సంగతిని వాక్యం మొదటికి తేవడం, దానికి విడి వాక్యం కేటాయించడం, గడువు తేదీని మొదటి పంక్తిలోనే చెప్పడం – ఇవన్నీ రంగు అవసరం లేని అలంకారాలు. నకలు తీసినా, చదివి వినిపించినా, చేతితో తిరగ వ్రాసినా ఇవి చెరగవు.

మధ్యేమార్గం

ఈ కీడులన్నీ చూసి అలంకృత పాఠాన్ని పూర్తిగా నిషేధించాలనేవారు ఉన్నారు. ఆ వాదం అతి. శీర్షికలు, పట్టికలు లేని పెద్ద నియమావళిని ఏ ఉద్యోగీ శ్రద్ధగా చదవడు. గుర్తులు లేని గడిలో కూడా ఉద్యోగులు నక్షత్రపు గుర్తులు, అడ్డగీతలు పెట్టి తమకు తోచిన అలంకారాలు చేసుకుంటూనే ఉంటారు. 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన ‘మార్క్‌డౌన్’ పద్ధతి అటువంటి అలవాట్లకే ఒక క్రమం కల్పించింది. అలంకార కాంక్ష మనిషికి సహజం. దానిని అణచడం కంటె దారిలో పెట్టడం మేలు.

ఆ దారి ఏది? లెక్కించవలసిన, వెదకవలసిన విషయం ఏదైనా విడి గడిలో సాదాగా ఉండాలి. తేదీ, మొత్తం, మందు మోతాదు, ఖాతా స్థితి ఈ కోవలోనివి. వివరణ కోరే పొడవైన పాఠానికి మాత్రమే అలంకరణ ఉపకరణం ఇవ్వాలి. అందులోనూ శీర్షిక, జాబితా, పట్టిక, లంకె, ముదురు అక్షరం చాలును. ఇరవై ఫాంట్లు, వందల రంగులు వ్యాపార లేఖకు అక్కరలేదు. శీర్షిక ఎలా కనిపించాలన్నది ఒక్కొక్క ఉద్యోగి ఇష్టానికి విడవక సంస్థ అంతటికీ ఒకే చోట నిర్ణయించవచ్చు. వెబ్ పుటల విషయంలో 1996లో ప్రమాణంగా వెలువడిన సి.ఎస్.ఎస్. విధానం చేస్తున్న పని అదే. వేరొక చోటి నుండి తెచ్చి అతికించిన పాఠం వెంట వచ్చే అనవసరపు అలంకారాలను గడి తనంతట తానే తొలగించాలి.

బాధ్యత సాఫ్ట్‌వేర్ తయారు చేసేవారిది మాత్రమే కాదు. వ్రాసే ఉద్యోగి గుర్తును నొక్కే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ అలంకారం తీసివేస్తే చదివేవాడికి అర్థం చెడుతుందా? చెడితే, ఆ అర్థాన్ని మాటలలో చెప్పవలసి ఉన్నదన్నమాట. చెడకపోతే, ఆ అలంకారం చదువు తేలిక చేస్తేనే ఉండాలి. సమాధానం ఏదైనా నష్టపోయేది ఉండదు.

కార్యాలయపు వ్రాతను చదివేవాడు కావ్యరసికుడు కాడు. తన ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందోనని ఎదురుచూసే ఖాతాదారు, మందు ఎన్ని పూటలు వేయాలో తెలుసుకోగోరే రోగి కుమారుడు, చెవులతో చదివే అంధ ఉద్యోగి అతని పాఠకులు. వారికి కావలసినది స్పష్టత. అక్షరానికి అలంకారం తప్పు కాదు. అయితే అర్థం కనిపించేలా చేసినదే అలంకారం. అర్థాన్ని కప్పివేసినది ఎంత మెరిసినా ముసుగే. పరికరం చేతికందిన తరానికి దానిని వాడే నేర్పుతో పాటు, ఎక్కడ వాడకూడదో తెలిసిన వివేకం కూడా అవసరం. విద్యార్థి దశలోనే ఆ వివేకం అలవడితే రేపటి కార్యాలయాలలో కాగితం వెనుకనున్న మనిషి మరుగున పడడు.